ఓక్ చెక్క చెప్పిన బైబిలు కథ

తేరు చెక్కడాల్లో పురాణాలు చూస్తూ పెరిగిన మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాసులకు చెక్క కథ చెబుతుందంటే వింత కాదు. ఇంగ్లండులో 16, 17 శతాబ్దాల్లో బైబిలు కథ ఇంటి సామాను మీదికే ఎక్కింది. భోషాణాలు, కుర్చీల వీపులు, మంచాల తలవైపు పలకల మీద ఆదాము హవ్వలు, ఇస్సాకును బలివ్వబోయే అబ్రాహాము, సొలొమోను తీర్పు వంటి ఘట్టాలను వడ్రంగులు ఉలితో చెక్కారు.

ప్రతి చర్చిలో ఇంగ్లీషు బైబిలు ఉంచాలని 1538లో రాజాజ్ఞ వెలువడింది. 1547 తర్వాత చర్చిల్లోని విగ్రహాలను, చిత్రాలను తొలగించారు. ఇళ్లల్లో మాత్రం బైబిలు బొమ్మలు నిలిచాయి. నమూనాలు చాలావరకు ఐరోపా అచ్చుబొమ్మల నుంచి వచ్చాయి.

ఈ సామానుకు వాడే ఓక్ చెట్టు దుంగను పచ్చిగా ఉన్నప్పుడే నిలువునా చీల్చేవారు. పలకను చట్రం గాడిలో వదులుగా కూర్చోబెట్టేవారు. వానకు ఉబ్బినా ఎండకు కుంచించుకున్నా అది పగలదు. కీళ్లను కొయ్య మేకులే పట్టి ఉంచేవి. అందుకే ఆ భోషాణాలు నాలుగు వందల ఏళ్లు నిలిచాయి.

1660 తర్వాత ధనవంతుల ఇళ్లల్లో వాల్‌నట్, 18వ శతాబ్దంలో మహాగని ఓక్‌ను వెనక్కి నెట్టాయి. 19వ శతాబ్దంలో పాత ఓక్ మీద మోజు తిరిగొచ్చింది. అప్పుడు సాదా పాత భోషాణాలకు కొత్తగా బొమ్మలు చెక్కారు, పాత తేదీలూ వేశారు. చేతులు తగిలి అరగాల్సిన చోట అంచులు పదునుగా ఉంటే అనుమానించాలి.

మన ప్రాంతానికి ఈ కథలు అచ్చు పుస్తకంతో చేరాయి. అమెరికన్ వైద్య మిషనరీ జేకబ్ చాంబర్లేన్ 1863లో మదనపల్లెలో స్థిరపడ్డారు. తెలుగు బైబిలు సవరణకు ఏళ్ల తరబడి శ్రమించి, 1908లో అక్కడే కన్నుమూశారు.

బొమ్మ ఒక్కటే చూస్తే పాత చెక్క వయసు తెలియదు. కీళ్లు, అరుగుదల, ఉలి గుర్తులు కలిపి చదవాలి. మీ ఊరి పాత తేరునో, తలుపునో బాగు చేయించే ముందు ఫొటోలు తీసి పెట్టుకోండి. గరుకు కాగితంతో రుద్దించకండి. ఒకసారి అరగదీసిన ఉలి గుర్తు మళ్లీ రాదు.