ముక్కు దిబ్బడ: మందుల చరిత్ర

ముక్కు గాలి పోవు గొట్టము మాత్రమే కాదు. లోనికి వచ్చు గాలిని అది వెచ్చచేయును, తడిచేయును, దుమ్మును వడకట్టును. ముక్కు దిబ్బడ వేసినచో మనుష్యుడు నోటితో గాలి పీల్చును. చల్లని పొడిగాలి తిన్నగా లోపలికి పోవును. ఆరోగ్యవంతునికి ఇది చిన్న బాధ. ఉబ్బసముతోనో, పొగవలన చెడిన ఊపిరితిత్తులతోనో ఏండ్ల తరబడి జీవించువానికి ఇది ఆయాసమును పెంచగలదు. కనుక ముక్కును తెరచుటకు మానవుడు చేసిన ప్రయత్నముల చరిత్ర తెలిసికొనదగినది.

హైదరాబాదులో ఈ చరిత్రకు ఒక ప్రసిద్ధమైన గుర్తు కలదు. 1920లో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ అను యునానీ వైద్యుడు ‘జిందా తిలిస్మాత్’ అను మందును తయారుచేసెను. సజీవమైన ఇంద్రజాలమని ఆ పేరునకు అర్థము. నీలగిరి తైలము, కర్పూరము, పిప్పర్మెంటు పువ్వు, వాము పువ్వు ఇందు ముఖ్యములు. నగరమునకు ఉత్తరమున మేడ్చల్, శామీర్‌పేట వంటి ఊళ్లలోను ఆ చిన్న సీసా అందరెరిగినదే. జలుబు చేసినవారు వేడినీటిలో కొన్ని చుక్కలు వేసి ఆవిరి పట్టుదురు. ముక్కు తెరచుకొన్నట్లు తోచును.

నిజముగా తెరచుకొన్నదా? 1983లో బ్రిటనులో ఎకిల్స్, జోన్స్ అనువారు పిప్పర్మెంటు పువ్వు పీల్చినవారి ముక్కులలో గాలికి కలుగు అడ్డును కొలిచిరి. గాలి బాగుగా ఆడుచున్నదని చాలమంది చెప్పిరి. కాని కొలతలో అడ్డు తగ్గలేదు! దీని రహస్యము 2002లో బయటపడెను. చల్లదనమును గుర్తించు నాడీకణములలోని ఒక ప్రోటీనునే ఈ పువ్వు కూడ మేలుకొలుపును. దీనిని కనుగొన్నవారిలో ఒకరైన డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమానమును పంచుకొనెను. హాయి నిజమే, దారి మాత్రము వెడల్పు కాలేదు.

దారిని వెడల్పు చేయు మందు వేరొక మార్గమున వచ్చెను. దిబ్బడకు చీమిడి ఒక్కటే కారణము కాదు. లోపలి పొరయందలి రక్తనాళములు ఉబ్బుట ముఖ్య కారణము. చైనీయులు ప్రాచీనకాలమునుండి వాడిన మాహువాంగ్ మొక్కనుండి 1885లో జపాను శాస్త్రజ్ఞుడు నగాయి ఎఫిడ్రిన్‌ను వేరుచేసెను. 1924లో పెకింగులో చెన్, ష్మిట్ అనువారు దాని గుణములను ప్రకటించిరి. అది రక్తనాళములను ముడుచుకొనజేయును. నేటి ముక్కు చుక్కలనేకము ఈ కోవలోనివే. ఐతే వాటిని కొద్ది దినములకు మించి వాడినచో మందు ఆపగానే వాపు తిరిగి వచ్చును. ఇట్టి మందులలో కొన్నిటిని మాత్రలుగా మ్రింగినచో రక్తపుపోటు పెరుగవచ్చును. ఫినైలెఫ్రిన్ మాత్రలు ముక్కు దిబ్బడకు పనిచేయవని 2023లో అమెరికా ప్రభుత్వ నిపుణులసంఘము ఏకగ్రీవముగా తేల్చెను.

నూనె చుక్కలకు మరియొక ప్రమాదము కలదు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తులలోనికి జారి న్యుమోనియా కలిగించునని 1925లోనే లాఫ్లెన్ అను వైద్యుడు చూపెను. ఇంటివద్ద యంత్రముతో ఆమ్లజని పీల్చు రోగులు ముక్కువద్ద నూనెలు, లేపనములు రాచుకొనరాదు. ఆమ్లజని ధారలో అవి సులభముగా అంటుకొని మండును.

ఇన్ని మందుల నడుమ ఉప్పునీటితో ముక్కు కడుగు పాత పద్ధతి నిలిచియే ఉన్నది. హఠయోగులు దీనిని నేతి యందురు. కాచి చల్లార్చిన నీటినే వాడవలెను. ముక్కు తేలికపడినంతమాత్రమున ఊపిరితిత్తుల జబ్బు తగ్గినట్లు కాదు. వైద్యుడిచ్చిన మందు మానరాదు. హాయి వేరు, చికిత్స వేరు. ఈ భేదమును తెలిపినది కొలతయే.