వాల్వు గిటారు యాంప్లిఫైయరులో వోల్టేజి లోపాలు

వాల్వు గిటారు యాంప్లిఫైయరు అనగా ఎలక్ట్రిక్ గిటారు నుండి వచ్చే బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని నిర్వాత నాళికల (వాల్వుల) సహాయంతో వృద్ధి చేసి స్పీకరుకు అందించే పరికరం. రేడియోలు, మైకుసెట్లు ట్రాన్సిస్టరులకు మారిన తరువాత కూడా గిటారు వాద్యకారులు ధ్వని స్వభావం కొరకు వాల్వులను విడిచిపెట్టలేదు. దీనిలో భాగాలు తక్కువ కనుక ఔత్సాహికులు ఇంటివద్దనే నిర్మించుకొనుట కలదు. అట్లు నిర్మించినది సరిగా పనిచేయనప్పుడు కారణం చాలావరకు ఏదో ఒకచోట ఉండవలసిన వోల్టేజి లేకపోవడమే.

భారతదేశంలో బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో రేడియో వాల్వుల తయారీ ప్రారంభించింది. నేడు కొత్త వాల్వులు ప్రధానంగా స్లొవేకియా, రష్యా, చైనా దేశాల నుండి వస్తున్నాయి.

ప్రమాదం

యాంప్లిఫైయరులోని హెచ్.టి. (అధిక వోల్టేజి డి.సి.) సరఫరా 250 నుండి 450 వోల్టుల వరకు ఉంటుంది. ఇది ప్రాణాంతకం. ప్లగ్గు పీకివేసినంత మాత్రాన ప్రమాదం తొలగదు. ఫిల్టరు కెపాసిటర్లు (పాత మెకానిక్కుల మాటలో కండెన్సర్లు) విద్యుదావేశాన్ని చాలాసేపు నిలుపుకొంటాయి. అందువలన 47 మైక్రోఫారడుల కెపాసిటరుకు సమాంతరంగా 220 కిలోఓముల రెసిస్టరును శాశ్వతంగా అతికించవలెను. అప్పుడు ప్రతి 10 సెకండ్లకు వోల్టేజి మూడోవంతు కంటే కొంచెం ఎక్కువకు పడిపోతుంది. 350 వోల్టులు ఒక నిమిషం లోపల 3 వోల్టుల కంటే తగ్గిపోతాయి. రెసిస్టరు ఉన్నదని నమ్మి చేయి పెట్టరాదు, అది తెగిపోయి ఉండవచ్చును. ప్రతిసారీ మీటరుతో కొలిచి చూచిన తరువాతనే లోపల తాకవలెను.

కరెంటు ఉన్నప్పుడు కొలవవలసివస్తే మీటరు నల్లతీగను ముందుగానే క్లిప్పుతో చాసిస్‌కు తగిలించి, ఒక్క చేతితో మాత్రమే పనిచేయాలి. రెండవ చేయి చాసిస్‌పై ఉంటే షాకు గుండె మీదుగా ప్రవహిస్తుంది. చాసిస్‌కు ఎర్తింగు తప్పనిసరి. మూడు కాళ్ళ ప్లగ్గు పెట్టి, గోడ సాకెట్టులో ఎర్తు తీగ లేకపోతే ప్రయోజనం లేదు. గిటారు తీగలు చాసిస్‌తో కలిసి ఉంటాయి కనుక ఈ లోపం వాయించేవాని చేతికే వస్తుంది.

మొదట ఇంటి సరఫరా

నిర్మాతలలో చాలామంది వాల్వుల కాళ్ళ దగ్గర కొలతలు మొదలుపెడతారు. అసలు మొదట కొలవవలసినది గోడ సాకెట్టును. ఇంటి సరఫరా వోల్టేజి 6 శాతానికి మించి హెచ్చుతగ్గులు కారాదని 1956 నాటి భారత విద్యుత్ నియమాలు నిర్దేశించాయి. అనగా 230 వోల్టులకు 216 నుండి 244 వరకు. పాపఘ్ని తీరాన గండి పరిసరాలలోను, పులివెందుల, జమ్మలమడుగు ప్రాంతాలలోను వలె సాగుకు బోరుబావి మోటార్లపై ఆధారపడే చోట్ల, మోటార్లు నడిచే వేళ లైను చివరి ఇళ్ళలో వోల్టేజి ఇంతకంటే బాగా తగ్గవచ్చును. ముద్దనూరు సమీపంలోని రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం 1994 నుండి విద్యుత్తును ఉత్పత్తి చేస్తున్నప్పటికీ, కేంద్రం దగ్గరలో ఉన్నందువలన సాకెట్టులో 230 వోల్టులు ఉంటాయని అనుకోరాదు. వోల్టేజి పడిపోయేది ఎక్కువగా ఊరి ట్రాన్స్‌ఫార్మరుకు ఇంటికి మధ్యనున్న తీగలలో.

సాకెట్టులో 190 వోల్టులే ఉంటే ట్రాన్స్‌ఫార్మరు ఇచ్చే ప్రతి వోల్టేజీ అదే నిష్పత్తిలో తగ్గుతుంది. 6.3 వోల్టుల ఫిలమెంటుకు 5.2 మాత్రమే అందుతుంది. కాథోడు తగినంత వేడెక్కక ధ్వని మందగిస్తుంది. ఇది యాంప్లిఫైయరు లోపం కాదు, ఏ భాగం మార్చినా బాగుపడదు. ఇంట్లో ఉండే రిలే రకపు స్టెబిలైజరు కొంతవరకు ఉపయోగపడుతుంది గాని, అది వోల్టేజిని మెట్లుమెట్లుగా మార్చుతుంది కనుక కొలతలు తీసుకొనే సమయంలో గందరగోళం కలిగించును. దీనికి విరుద్ధంగా 220 వోల్టులకు చుట్టిన ట్రాన్స్‌ఫార్మరుకు 240 అందితే అన్నీ 9 శాతం పెరుగుతాయి.

ఉండవలసిన విలువలు

ఉదాహరణకు ముందు దశలో ఒక ఇ.సి.సి.83, చివర ఒక ఇ.ఎల్.84 గల చిన్న యాంప్లిఫైయరును తీసుకొందాము. హెచ్.టి. సుమారు 270 వోల్టులు. ఇ.ఎల్.84 ప్లేటు వద్ద 257, 135 ఓముల కాథోడు రెసిస్టరుపై 7.3 వోల్టులు ఉండవలెను. ఓం నియమం ప్రకారం 7.3ను 135తో భాగించగా కాథోడు ప్రవాహం 54 మిల్లీఆంపియర్లు. ఇందులో 48 ప్లేటుది, మిగిలినది స్క్రీన్ గ్రిడ్డుది. ప్లేటుకు కాథోడుకు మధ్య 250 వోల్టులు, 48 మిల్లీఆంపియర్లు అంటే 12 వాట్లు. ఈ వాల్వుకు తయారీదారులు చెప్పిన గరిష్ఠ పరిమితి కూడా అంతే. అందుకే సరఫరా పెరిగిన రాత్రి వేళలలో ఇది పరిమితి దాటుతుంది. ఇ.సి.సి.83కు 250 వోల్టుల సరఫరా, 100 కిలోఓముల ప్లేటు రెసిస్టరు, 1.5 కిలోఓముల కాథోడు రెసిస్టరు ఉంటే ప్లేటు వద్ద దాదాపు 164, కాథోడు వద్ద 1.3 వోల్టులు కనిపించును.

లోపాల గుర్తింపు

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు 60 లేదా 100 వాట్ల ఫిలమెంటు బల్బును సీరీస్‌లో పెట్టవలెను. రేడియో మెకానిక్కుల బల్లపై ఈ సీరీస్ బోర్డు ఎల్లప్పుడూ ఉండేది. ఎల్.ఇ.డి. బల్బు దీనికి పనికిరాదు. బల్బు పూర్తి కాంతితో వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్లు. అప్పుడు వాల్వులన్నీ తీసి చూడాలి. అప్పటికీ వెలుగుతుంటే దోషం ట్రాన్స్‌ఫార్మరులోనో, ఫిల్టరు కెపాసిటరులోనో, వైరింగులోనో ఉన్నది.

హెచ్.టి. అసలు లేకపోతే ఫ్యూజు, రెక్టిఫైయరు, ట్రాన్స్‌ఫార్మరు సెకండరీ వరుసగా చూడాలి. హెచ్.టి. ఉండవలసిన దానికంటే ఎక్కువగా ఉంటే సాధారణంగా చివరి వాల్వు ప్రవాహం తీసుకోవడం లేదని అర్థం. కాథోడు వద్ద 7 బదులు 40, 50 వోల్టులు కనిపిస్తే కాథోడు రెసిస్టరు తెగిపోయినది. కాథోడు వద్ద సున్నా ఉండి ప్లేటు ఎర్రబడుతుంటే రెసిస్టరుకు సమాంతరంగా ఉన్న కెపాసిటరు షార్టయినది. స్క్రీన్ వద్ద వోల్టేజి ఉండి ప్లేటు వద్ద లేకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీ తెగినది. ప్రవాహమంతా స్క్రీన్ గ్రిడ్డే మోసి కాలిపోతుంది కనుక వెంటనే ఆపివేయాలి.

అందరినీ తికమకపెట్టేది హెచ్.టి. తక్కువగా ఉండి, కాథోడు వోల్టేజి ఎక్కువగా ఉండుట. కాథోడుపై 11 వోల్టులుంటే ప్రవాహం 81 మిల్లీఆంపియర్లు. చాలామంది విద్యుత్ సరఫరా భాగాన్ని అనుమానించి రెక్టిఫైయరు మార్చుతారు. నిజానికి ఇక్కడ సరఫరా బరువు మోయలేక క్రుంగినది, దోషం గ్రిడ్డు వద్ద ఉన్నది. గ్రిడ్డును కొలిచినప్పుడు సున్నా రావాలి, ధన వోల్టేజి వస్తే లోపం. కరెంటు ఆపి, వాల్వు తీసి, మరల కరెంటు ఇచ్చి సాకెట్టులో గ్రిడ్డు కాలును కొలవవలెను. ధన వోల్టేజి ఇంకా ఉంటే ముందు దశ ప్లేటు నుండి వచ్చే కప్లింగు కెపాసిటరు లీకవుతున్నది. మాయమైతే వాల్వే చెడినది. ఈ పరీక్షకు 10 మెగాఓముల డిజిటల్ మీటరు కావాలి. చౌకబారు ముల్లు మీటరు గ్రిడ్డు సర్క్యూటును క్రిందికి లాగి, ఉన్న వోల్టేజిని లేనట్లు చూపును.

వోల్టేజీలన్నీ సరిపోయినా గుయ్యిమనే శబ్దం వస్తుంటే దాని స్థాయిని వినాలి. 100 హెర్ట్జులదైతే ఫిల్టరు కెపాసిటర్లు బలహీనపడినవి. 50 హెర్ట్జులదైతే ఎర్తు కలపడంలో పొరపాటు గాని, ఫిలమెంటు తీగల నుండి గాని వస్తున్నది. ఫిలమెంటు వైండింగుకు మధ్య కొస లేకపోతే రెండు చివరల నుండి చెరొక 100 ఓముల రెసిస్టరును చాసిస్‌కు కలిపి, ఆ రెండు తీగలను ఒకదానితో ఒకటి మెలివేసి చాసిస్ మూలకు ఆనించి నడిపించవలెను.