నేలమాళిగ ఆటల జ్ఞాపకం: అనంతపురం పీఠభూమి నుంచి ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
1970ల నడుమ పుట్టి 1990ల దాకా వర్ధిల్లిన నేలమాళిగ కంప్యూటర్ ఆటలను నేడు నడివయసుకు చేరిన తరం మమకారంతో గుర్తుచేసుకుంటోంది. ఈ జ్ఞాపకాన్ని పరాయి వినోదం మీది మోజుగా మాత్రమే చూడటం సరికాదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఈ ఆటల తొలిరూపాల్లో ఒకటి ఒక గుహాన్వేషకుడి జ్ఞాపకం నుంచే పుట్టింది. గుహను కొలిచి పటం వేయడం, బిలంలో దిగి నిధి సాధించే కథ చెప్పడం అనే రెండు అంశాలూ అనంతపురం పీఠభూమి పరిసరాల్లో వేర్వేరుగా కనిపిస్తాయి. బెలుం గుహలు మొదటిదానికి, తాడిపత్రిలో జన్మించిన కె.వి.రెడ్డి దర్శకత్వం వహించిన 'పాతాళభైరవి' రెండవదానికి నిదర్శనాలు. వీటిని ఆటలతో పోల్చి, ఆటగాళ్ళ జ్ఞాపకాలను చారిత్రక ఆధారాలుగా సేకరించవలసిన అవసరాన్ని వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: నేలమాళిగ ఆటలు, జ్ఞాపకం, బెలుం గుహలు, పాతాళభైరవి, అనంతపురం, స్థానిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం:
ఆంగ్లంలో 'డంజన్' అనే మాటకు కోటలోని చెరసాల అనే అర్థం ఉంది. ఆటల పరిభాషలో అది భూమి కింద అల్లుకున్న గదులు, దారుల సముదాయమైంది. తెలుగులో దీనికి సరిసమానమైన ఒకే పదం లేదు. 'చెరసాల' బంధనాన్ని మాత్రమే చెబుతుంది. 'సొరంగం' దారిని సూచిస్తుంది. 'బిలం', 'పాతాళం' అనే మాటలు పురాణ, జానపద కథల వాసనను మోసుకొస్తాయి. ఈ వ్యాసంలో 'నేలమాళిగ' అనే పదాన్ని వాడుతున్నాను.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట. మరుసటి సంవత్సరానికే ఆ నమూనా అమెరికా విశ్వవిద్యాలయాల కంప్యూటర్లకు చేరింది. 1980 ప్రాంతంలో 'రోగ్', 1981లో 'విజర్డ్రీ', 1987లో 'నెట్‌హ్యాక్', 'డంజన్ మాస్టర్' వచ్చాయి. వీటన్నిటిలోనూ లోపలికి దిగడం, దారి గుర్తుపెట్టుకోవడం, పరిమితమైన వనరులతో ప్రాణం నిలుపుకోవడం ప్రధానం.

2. ఆట పుట్టుక - ఒక గుహ జ్ఞాపకం:
విల్ క్రౌథర్ అమెరికాలో కంప్యూటర్ ప్రోగ్రామర్. ఆయన, ఆయన భార్య పాట్ ఇద్దరూ గుహాన్వేషకులు. కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహల ప్రాంతంలో కొలతలు తీసి, ఆ లెక్కలను కంప్యూటర్‌కు ఎక్కించి పటాలు తయారుచేశారు. ఫ్లింట్ రిడ్జ్ గుహలకూ మామత్ గుహకూ మధ్య దారి ఉందని 1972 సెప్టెంబరులో నిరూపించిన బృందంలో పాట్ సభ్యురాలు. అనంతరకాలంలో ఆ దాంపత్యం విచ్ఛిన్నమైంది. క్రౌథర్ గుహలకు వెళ్ళడం తగ్గించాడు. 1975-76 ప్రాంతంలో పీడీపీ-10 యంత్రం మీద, ఫోర్ట్రాన్ భాషలో, తన కూతుళ్ళ కోసం ఒక ఆట రాశాడు. తాను నడిచిన గుహనే మాటల్లో మళ్ళీ నిర్మించాడు. దానిని 1977లో స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ విస్తరించాడు. 'కొలోసల్ కేవ్ అడ్వెంచర్'గా ప్రసిద్ధమైంది ఆ ఆటే.

అంటే ఈ శాఖకు మూలమైన ఆటల్లో ఒకటి తాను దూరమైన చోటును తిరిగి దర్శించాలన్న కోరికతో తయారైనది. నేడు పాత ఆటలను తలచుకునేవారు ఒక జ్ఞాపకానికి సంబంధించిన జ్ఞాపకాన్ని తలచుకుంటున్నారు.

ఈ సంగతులు తెలియడం వెనుక ఉన్న పరిశోధన పద్ధతి గమనార్హం. క్రౌథర్ రాసిన తొలి ప్రోగ్రాం పోయిందనే చాలాకాలం భావించారు. వుడ్స్ విద్యార్థిగా ఉన్నప్పటి ఖాతాకు సంబంధించిన పాత ప్రతుల్లో అది దొరికింది. డెనిస్ జెర్జ్ అనే పరిశోధకుడు దానిని చదివి, స్వయంగా ఆ గుహలోకి వెళ్ళి, ఆటలోని వర్ణనలను గుహలోని తావులతో సరిపోల్చి 2007లో తన అధ్యయనాన్ని ప్రచురించాడు. పాత ప్రతి, క్షేత్రపర్యటన, మౌఖిక సాక్ష్యం అనే మూడూ కలిసినందువల్లనే ఒక ఆటకు చరిత్ర ఏర్పడింది.

3. బెలుం - పటానికి ఎక్కిన పాతాళం:
అనంతపురం జిల్లా తాడిపత్రికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, నేటి నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో బెలుం గుహలున్నాయి. సున్నపురాతి పొరలను నీరు యుగాల తరబడి కరిగించడం వల్ల ఏర్పడిన గుహలివి. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని ప్రస్తావించాడు. ఆ తరువాత దాదాపు ఒక శతాబ్దం పాటు వీటిని క్రమపద్ధతిలో కొలిచినవారు లేరు. 1980ల తొలి సంవత్సరాల్లో డేనియల్ గెబావర్ నాయకత్వంలోని జర్మన్ బృందం లోపలికి వెళ్ళి సర్వే జరిపింది. గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లని తేలింది. అత్యంత లోతైన తావు పాతాళగంగ, సుమారు 46 మీటర్ల లోతున ఉంది. అక్కడ నీటిపాయ పారుతుంది.

కరువు పీఠభూమి అంచున ఈ పేరు యాదృచ్ఛికంగా కనిపించదు. అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఇక్కడి రైతుకు భూగర్భం అంటే ముందుగా గుర్తొచ్చేది నీరు. బావి ఎండితే బోరు, అది ఎండితే మరింత లోతైన బోరు. ప్రతిసారీ ఉన్న డబ్బును, కొన్నిసార్లు లేని డబ్బును పణంగా పెట్టి కిందికి వెళ్ళవలసిందే. 'రోగ్' ఆటలో ఆటగాడు తిండి అయిపోకముందే కింది అంతస్తును చేరాలి. ఈ రెంటిమధ్య ఉన్నది సామ్యమే గాని కార్యకారణ సంబంధం కాదు. ఆటలో ఓడినవాడు మళ్ళీ మొదలుపెడతాడు. బోరు విఫలమైన రైతుకు ఆ వెసులుబాటు లేదు. ఈ భేదాన్ని మరచిపోతే పోలిక అమానవీయమవుతుంది.

2002లో బెలుం గుహలను పర్యాటకుల కోసం తెరిచారు. నడకదారులు, విద్యుద్దీపాలు, గాలి సరఫరా ఏర్పడ్డాయి. దానితో వేలమందికి గుహ అందుబాటులోకి వచ్చింది. కానీ చీకటిలో దారి వెతుక్కోవలసిన అవసరం తీరిపోయింది.

4. పాతాళభైరవి - కథలోని బిలం:
బిలప్రవేశం తెలుగు కథకు కొత్తది కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీమజిలీ కథలు', బాలనాగమ్మ కథ, 'చందమామ' ధారావాహికలు ఈ కల్పనను తరతరాలకు అందించాయి. ఆ కల్పనకు దృశ్యరూపం ఇచ్చిన చిత్రాల్లో అగ్రగణ్యమైనది 1951 మార్చి 15న విడుదలైన విజయావారి 'పాతాళభైరవి'. పింగళి నాగేంద్రరావు రచన, కె.వి.రెడ్డి దర్శకత్వం. కె.వి.రెడ్డి 1912లో తాడిపత్రిలో జన్మించారు. బెలుం గుహలు ఆయన కల్పనకు ప్రేరణ అని ఈ వ్యాసం వాదించడం లేదు. బిలాన్ని కొలిచిన సంప్రదాయం, బిలాన్ని కథగా చూపిన సంప్రదాయం ఒకే ప్రాంతంతో ముడిపడి ఉన్నాయన్నది మాత్రమే ఇక్కడి పరిశీలన.

తోటరాముడు నేపాళ మాంత్రికుడి వెంట గుహలో ప్రవేశిస్తాడు. పరీక్షలను ఎదుర్కొంటాడు. మొసలి రూపంలో ఉన్న అప్సరసకు శాపవిమోచనం కలిగించి, మాంత్రికుడి పన్నాగాన్ని ఆమె ద్వారా తెలుసుకుంటాడు. తనను బలి ఇవ్వదలచిన మాంత్రికుణ్ణే బలి ఇచ్చి, కోరికలు తీర్చే ప్రతిమను పొందుతాడు. దిగడం, పరీక్ష, శత్రువు, నిధి, తిరిగి వెలుగులోకి రావడం అనే ఈ వరుస నేలమాళిగ ఆటల వరుసకు సన్నిహితం.

5. కథకూ ఆటకూ భేదం:
ఈ సామ్యాన్ని అతిగా సాగదీయకూడదు. మూడు భేదాలు ముఖ్యమైనవి.

మొదటిది, దారి. కథలో నాయకుణ్ణి తీసుకువెళ్ళేవాడు ఉంటాడు. ఆటలో దారి చెప్పేవాడు లేడు. 'విజర్డ్రీ' వంటి ఆటలు ఆడినవారు గళ్ళకాగితం మీద ఒక్కొక్క గడీ గీసుకుంటూ సొంత పటం తయారుచేసుకునేవారు. రెండవది, మరణం. తోటరాముడు గెలుస్తాడని ప్రేక్షకుడికి ముందే తెలుసు. 'రోగ్'లో మరణిస్తే ఆట మొదటినుంచీ ఆడాలి. పైగా ప్రతి ఆటలోనూ గదుల అమరిక మారిపోతుంది. మిగిలేది ఆటగాడు నేర్చుకున్న జాగ్రత్త ఒక్కటే. మూడవది, కర్తృత్వం. వైకుంఠపాళిలో పాము నోట పడి జారడం పాచిక నిర్ణయం, పాపఫలం. నేలమాళిగ ఆటలో కిందికి దిగడం ఆటగాడు తనంత తానుగా ఎంచుకున్న సాహసం.

1996 చివర విడుదలైన 'డయాబ్లో'లో కంప్యూటరే పటం గీసి చూపింది. బెలుంలో దీపాలు వెలిగినట్లే ఇక్కడా సౌకర్యం పెరిగింది, ఒక శ్రమ అంతరించింది. పాత ఆటల మీది మమకారాన్ని పరిశీలిస్తే, అది అంతరించిన ఆ శ్రమ మీది మమకారమని తోస్తుంది. దారి తప్పే స్వేచ్ఛ, తన చేతితో గీసిన పటం మీద నమ్మకం, తోటి ఆటగాడు చెప్పిన కిటుకు అందులో భాగాలు.

6. జ్ఞాపకం ఒక ఆధారంగా:
అనంతపురానికి సాంకేతిక విద్య ఆలస్యంగా రాలేదు. 1946లో ఏర్పడిన ఇంజనీరింగ్ కళాశాల 1948లో ఇక్కడికి తరలివచ్చి, 1972లో జె.ఎన్.టి.యు.లో భాగమైంది. 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశవ్యాప్తంగా 1984-85లో 'క్లాస్' పథకం కింద కొన్ని పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు చేరాయి. 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ఇంటర్నెట్‌ను ప్రజలకు అందుబాటులోకి తెచ్చింది. ఈ తేదీలన్నీ సంస్థల చరిత్రలో ఉన్నాయి. పాఠం ముగిశాక ఫ్లాపీ చేతులు మారిన విధానం, ఆంగ్లం అంతంత మాత్రంగా వచ్చిన విద్యార్థి ఆట ఆదేశాలను అర్థం చేసుకున్న తీరు, అమ్మాయిలకు ఆ యంత్రాల ముందు ఎంత సమయం దక్కిందన్న ప్రశ్న సంస్థాగత రికార్డుల్లోకి ఎక్కేవి కావు. అవి మనుషుల జ్ఞాపకాల్లోనే ఉంటాయి.

అయితే జ్ఞాపకం నిర్దోషమైన సాక్షి కాదు. అది కష్టాన్ని తగ్గించి ఆనందాన్ని పెంచుతుంది. ఆటలకు చేరువకాలేనివారి గైర్హాజరును మరుగుపరుస్తుంది. అందువల్ల మౌఖిక కథనాలను పాత నోటుపుస్తకాలతో, ఫ్లాపీలతో, ప్రయోగశాల హాజరు పట్టీలతో సరిపోల్చాలి. ఫ్లాపీల అయస్కాంత పూత కాలక్రమంలో క్షీణిస్తుంది కనుక ఈ పనికి వ్యవధి తక్కువ.

7. ముగింపు:
ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

1. నేలమాళిగ ఆటల మూలాల్లో గుహ సర్వే, వ్యక్తిగత జ్ఞాపకం ఉన్నాయి. జ్ఞాపకం ఈ ఆటలకు తరువాత అంటుకున్న భావం కాదు.
2. బెలుం సర్వే, 'పాతాళభైరవి' కథ ఈ ప్రాంతంలో ఆ కల్పనకు సమాంతరాలు. వీటికీ ఆటలకూ ప్రత్యక్ష ప్రభావ సంబంధాన్ని ఆపాదించరాదు.
3. ఆటగాళ్ళు కోల్పోయామని భావిస్తున్నది ప్రధానంగా దారిని స్వయంగా కనుగొనే శ్రమను.
4. రాయలసీమ చరిత్ర రచనలో శాసనాలు, కోటలు, కరువులతో పాటు కంప్యూటర్ తొలితరం అనుభవాలకూ చోటు కల్పించాలి.

క్రౌథర్ ప్రోగ్రాం ఒక విద్యార్థి ఖాతాలో మిగిలి ఉండటం వల్ల చరిత్రకు దక్కింది. మన కళాశాలల పాత బీరువాల్లో, పూర్వ విద్యార్థుల ఇళ్ళలోని అటకల మీద అటువంటివి వెతకడం స్థానిక చరిత్ర పరిశోధకులు చేపట్టదగిన పని. ఒక గళ్ళకాగితం దొరికినా, దానిని గీసిన చేతిని అడిగి తెలుసుకునే అవకాశం ఈ తరానికి ఇంకా ఉంది.