మంచు పల్లెలో పుట్టిన కళ్ళజోడు

నలభై ఏళ్ళ ప్రాంతంలో దగ్గరి అక్షరాలు మసకబారడాన్ని మన పెద్దలు ‘చత్వారం’ అన్నారు. నలభైని తెలిపే ‘చత్వారింశత్’ అనే సంస్కృత పదం ఆ మాటలో వినిపిస్తుంది. వయస్సుతో పాటు కంటిలోని సహజ కటకం తన సాగే గుణాన్ని క్రమంగా కోల్పోతుంది. అందువలన దగ్గరి వస్తువుల నుంచి వచ్చే కిరణాలను కంటి రెటీనాపై కేంద్రీకరించడం కష్టమవుతుంది. ఆ లోటును పూరించడానికి కళ్ళజోడు కావాలి. కళ్ళజోడు అనగానే మనం అద్దాల శక్తిని గురించి అడుగుతాం. ఆ అద్దాలను ముఖంపై నిలిపే చట్రం గురించి ఆలోచించేది తక్కువ.

ఇటీవల మన నగరాల్లోని పెద్ద దుకాణాల్లో ‘జపాను చేతిపని’ అన్న పేరుతో పదుల వేల రూపాయల ధర పలికే చట్రాలు కనిపిస్తున్నాయి. వాటి చరిత్ర మాత్రం సంపన్నుల ముంగిట కాక, ఒక పేదపల్లెలో మొదలయింది. ఆ చరిత్ర తెలిస్తే ఆ ధరలో పనితనానికి చెల్లించేది ఎంత, కంటికి దక్కేది ఎంత అన్నది పాఠకులు తామే తేల్చుకోగలరు. ఈ వ్యాసం ఉద్దేశం అదే.

జపాను చేరిన కళ్ళద్దాలు

కళ్ళద్దాలు 13వ శతాబ్దం చివరలో ఇటలీలో పుట్టాయి. 1306లో ఫ్లోరెన్సు నగరంలో ప్రసంగించిన జోర్డానో ద పీసా అనే మతబోధకుడు ఈ విద్య కనుగొని ఇంకా ఇరవై సంవత్సరాలు కాలేదని చెప్పాడు. జపానుకు ఇవి ఐరోపా వారి ద్వారా చేరాయి. 1551లో ఫ్రాన్సిస్ జేవియర్ యమగూచి పాలకుడు ఓఉచి యోషితకకు ఇచ్చిన కానుకల్లో కళ్ళద్దాలు కూడా ఉన్నాయని సంప్రదాయంగా చెబుతారు. 1616లో మరణించిన షోగన్ తొకుగావ ఇయెయాసు వాడిన కళ్ళద్దాలను షిజువోక సమీపంలోని కునోజాన్ తోషోగూ ఆలయంలో నేటికీ భద్రపరిచారు.

అప్పట్లో కళ్ళద్దాలు పాలకులకు, ధనికులకు, పండితులకు మాత్రమే అందే వస్తువులు. 1873లో వియన్నాలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు జపాను ప్రభుత్వం పంపిన వారిలో అసకురా మత్సుగోరో అనే నిపుణుడు ఒకడు. అతడు ఐరోపాలో యంత్రాలతో అద్దాలను అరగదీసే విద్య నేర్చుకుని స్వదేశానికి తెచ్చాడు. ఆధునిక పద్ధతిలో అద్దాల తయారీ జపానులో అక్కడి నుంచి మొదలయింది. ఇక మిగిలినది చట్రం.

మంచు గ్రామం, 1905

జపాను సముద్రతీరాన ఫుకుయి అనే ప్రాంతం ఉంది. చలికాలంలో సముద్రం మీదుగా వచ్చే తేమగాలులు అక్కడ దట్టమైన మంచు కురిపిస్తాయి. అప్పట్లో పొలాలు నెలల తరబడి మంచు కింద ఉండేవి. వరి తప్ప వేరే ఆధారం లేని రైతులకు ఆ నెలల్లో పని ఉండేది కాదు, ఆదాయమూ ఉండేది కాదు. నేటి ఫుకుయి నగర పరిధిలో అటువంటి గ్రామం ఒకటి ఉంది.

ఆ గ్రామంలో 1871లో మసునాగ గొజాయెమోన్ జన్మించాడు. భూవసతి గల కుటుంబం అతనిది. ఊరివారికి చలికాలంలో పని కల్పించాలని అతడు మొదట పట్టునేత పెట్టించాడు. పట్టు వ్యాపారం దెబ్బతిని ఆ ప్రయత్నం విఫలమయింది. ఆ తరువాత ఒసాకాలో పనిచేస్తున్న తమ్ముడు కోహచి ఒక సలహా ఇచ్చాడు. బడులు పెరుగుతున్నాయి, అచ్చు పుస్తకాలు పెరుగుతున్నాయి, రష్యాతో యుద్ధం జరుగుతున్నందున వార్తాపత్రికలు చదివేవారు పెరుగుతున్నారు. చదివేవారు పెరిగితే కళ్ళజోళ్ళు కావలసినవారూ పెరుగుతారన్నది అతని తర్కం. కళ్ళజోడు తయారీకి పెద్ద యంత్రాలు అక్కరలేదు. విశాలమైన భూమి అక్కరలేదు. ఓర్పుగల చేతులు ఉంటే చాలు, మంచు కురిసే రోజుల్లో ఇంటి లోపలే కూర్చుని చేసుకోవచ్చు.

ఒకసారి చేతులు కాల్చుకున్న అన్నకు ఈ మాట వెంటనే రుచించలేదు. చివరకు 1905లో ఒసాకా నుంచి యోనెదా యోహచి అనే పనివాడిని రప్పించి ఊరి యువకులకు చట్రాల పని నేర్పించాడు. రైతుబిడ్డలు ఆకురాయి, శ్రావణం పట్టారు. లోహపు తీగను వంచడం, టంకం పెట్టడం, మెరుగు దిద్దడం నేర్చుకున్నారు.

పని కుదురుకున్న తరువాత గొజాయెమోన్ ‘చోబా’ అనే పద్ధతి ప్రవేశపెట్టాడు. నేర్చిన ఒక్కొక్క పెద్ద పనివాడు తన కింద కొందరు శిష్యులను పెట్టుకుని ఒక జట్టుగా పనిచేస్తాడు. జట్లు నాణ్యతలో ఒకదానితో ఒకటి పోటీపడతాయి. విద్య అబ్బినవారు స్వతంత్రులై తమ సొంత పనిశాలలు పెట్టుకుంటారు. అతడు విద్యను తన ఇంట్లో దాచుకోలేదు. అందువల్లనే అది చుట్టుపక్కల ఊళ్ళకు, ముఖ్యంగా సమీపంలోని సబాయె పట్టణానికి పాకింది. ఈ అన్నదమ్ముల కథ ఆధారంగా 2023లో జపానులో ‘ఒషోరిన్’ అనే చలనచిత్రం కూడా వచ్చింది. మంచు పైపొర గట్టిపడి, దారితో పనిలేకుండా పొలాల మీదుగా తిన్నగా నడిచిపోగల స్థితిని ఫుకుయి మాండలికంలో ఒషోరిన్ అంటారు.

పట్టణమే పనిశాల

నేడు జపానులో తయారయ్యే కళ్ళజోడు చట్రాల్లో 90 శాతానికి పైగా ఫుకుయి ప్రాంతానివే. వాటికి కేంద్రం సుమారు 70 వేల జనాభా గల సబాయె. ఇటలీలోని బెల్లూనో ప్రాంతం, చైనాలోని కొన్ని నగరాల సరసన ప్రపంచ కళ్ళజోళ్ళ పటంలో దానిదీ స్థానమే.

ఒక మేలైన చట్రం తయారు కావడానికి 200కు పైగా పనులు జరగాలని అక్కడివారు చెబుతారు. ఈ పనులన్నీ ఒకే కప్పు కింద జరగవలసిన అవసరం లేదు. ఒకరు బందులు మాత్రమే చేస్తారు. ఒకరు అచ్చులు చేస్తారు. మరొకరు టంకం పెడతారు. ఇంకొకరు మెరుగు పెడతారు. వస్తువు ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి ప్రయాణిస్తూ కళ్ళజోడుగా మారుతుంది.

చెక్కముక్కలు, మెరుగుపొడి నింపిన పీపాల్లో చట్రాలను వేసి గంటల తరబడి తిప్పుతారు. దానితో పదును అంచులు పోతాయి. ఆ తరువాత ఒక్కొక్కటిగా చేతితో పట్టుకుని, తిరిగే గుడ్డచక్రానికి ఆనించి మెరుగు తెస్తారు. ఎక్కువ ఆనిస్తే రూపం చెడుతుంది, తక్కువ ఆనిస్తే గీతలు మిగులుతాయి. ఆ ఒత్తిడి ఎంతన్నది వేళ్ళకు తెలియాలి. దానికి సంవత్సరాల సాధన కావాలి.

తాబేటి డిప్ప, కర్పూరం, పత్తి

పూర్వం ఖరీదైన చట్రాలను అలుగు తాబేలు డిప్పతో చేసేవారు. జపానులో దానిని ‘బెక్కో’ అంటారు. ఆ తాబేలు జాతి నేడు అంతరించే దశకు చేరింది. అంతర్జాతీయ ఒప్పందాల ఒత్తిడితో 1990ల తొలి సంవత్సరాల్లో జపాను ఆ డిప్పల దిగుమతి నిలిపివేసింది. మన దేశంలోనూ అది వన్యప్రాణి రక్షణ చట్టం కింద పూర్తి రక్షణ పొందిన ప్రాణి. అసలైన డిప్పతో చేసినదని ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

దాని స్థానంలో సెల్యులాయిడ్ వచ్చింది. నత్రికామ్లంతో మార్చిన సెల్యులోజుకు కర్పూరం కలిపితే ఆ పదార్థం ఏర్పడుతుంది. అప్పట్లో తైవాను జపాను పాలనలో ఉండేది. అక్కడి అడవుల్లో కర్పూరవృక్షాలు సమృద్ధిగా ఉండడం వలన 1930లలో జపాను సెల్యులాయిడ్ ఉత్పత్తిలో అగ్రస్థానానికి చేరింది. సెల్యులాయిడ్ గట్టిది, మెరుపు చాలాకాలం నిలుస్తుంది. లోపల లోహపు తీగ లేకుండానే చెవి కాడలు నిలబడతాయి. కాని అది తేలికగా అంటుకుని మండుతుంది. అందువలన పత్తి పీచు, కలపగుజ్జుల నుంచి తీసే అసిటేట్ దాని స్థానాన్ని చాలావరకు ఆక్రమించింది. ఇప్పటికీ కొందరు పనివారు సెల్యులాయిడ్ పలకలను దీర్ఘకాలం ఆరబెట్టి చట్రాలు చెక్కుతున్నారు. అంతటి ఓపిక గలవారి సంఖ్య ఏటేటా తగ్గుతోంది.

టైటేనియం సాధన

వైద్యుడిగా నేను సబాయె వారిని ఎక్కువగా అభినందించేది మరొక పనికి. 1980ల తొలి సంవత్సరాల్లో వారు టైటేనియంతో కళ్ళజోడు చట్రాలు చేసి విపణికి తెచ్చారు. పాత లోహపు చట్రాల్లో రాగి, నికెలు మిశ్రమాలు ఎక్కువ. చెమట తగిలి వాటిపై పచ్చని చిలుము పట్టేది. నికెలు సరిపడని వారికి ముక్కుపై, చెవుల వెనుక దురద, ఎరుపు, పొక్కులు వచ్చేవి. నా ఉద్యోగకాలంలో అటువంటి చర్మతాపాన్ని గజ్జిగా భావించి మందులు రాసుకుంటూ తిరిగినవారిని ఎందరినో చూశాను. చట్రం మార్చిన కొన్ని వారాలకు అది తగ్గేది.

టైటేనియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 4.5 గ్రాములు, రాగి, నికెలు మిశ్రమాల్లో దాదాపు సగం. చెమటకు చెడదు. శుద్ధ టైటేనియం చర్మానికి సాధారణంగా హాని చేయదు. కాని దానిని లొంగదీయడం కష్టం. అచ్చులో నొక్కితే అచ్చునే అరగదీస్తుంది. గాలిలో వేడిచేస్తే ప్రాణవాయువును, నత్రజనిని పీల్చుకుని పెళుసుబారుతుంది. అందువలన ఆర్గాన్ వంటి జడవాయువు నడుమ అతకాలి. చేతిపనివారు ఈ శాస్త్రాన్నంతా నేర్చుకున్నారు. వారు సాధించిన ఫలితం నేడు ఇతర దేశాల్లో తయారయ్యే మధ్యతరగతి ధరల చట్రాల్లో కూడా మనకు అందుతోంది.

విలాసవస్తువు ఎలా అయింది?

1990ల నుంచి చైనాలో చౌకగా, విస్తారంగా తయారయ్యే చట్రాలు సబాయె పనిశాలలను దెబ్బతీశాయి. ఎన్నో మూతపడ్డాయి. విదేశీ సంస్థల పేర్లతో చట్రాలు చేసి ఇవ్వడం అలవాటైనవారికి సొంత పేరు లేకపోవడం పెద్ద లోటయింది. చౌకదనంలో పోటీపడలేక మిగిలినవారు నాణ్యతను ఆశ్రయించారు. సొంత ముద్రలతో అమ్మసాగారు. ఫుకుయి పేరును జపాను అంకెల పలుకుబడిలో 291గా రాయవచ్చు. ఆ అంకెనే ఒక ముద్రగా చేసుకున్నారు. సబాయెలో కళ్ళజోళ్ళ ప్రదర్శనశాల కూడా నెలకొల్పారు. అంటే రైతుల పూటగడవడానికి మొదలైన పని, బతికి బట్టకట్టడానికి విలాసవస్తువుగా మారవలసి వచ్చింది. అక్కడ కూడా పనివారు వృద్ధులవుతున్నారు, నేర్చుకునే యువత తగ్గుతోంది. మన చేనేత మగ్గాల వద్ద వినిపించే మాటే అక్కడా వినిపిస్తుంది.

మనం గ్రహించవలసినది

స్థోమత ఉన్నవారు అటువంటి చట్రం కొనుక్కుంటే తప్పులేదు. ఒక పనివాడి సాధనకు అది తగిన ప్రతిఫలం. కాని ఎంత ఖరీదైన చట్రమైనా చూపును పెంచదు. అద్దాన్ని కంటి ముందు సరైన చోట కదలకుండా నిలపడమే దాని పని. ఆ పని సరిగా జరుగుతున్నదో లేదో చూసుకోవడానికి ఈ విషయాలు గమనించండి.

అద్దపు కేంద్రం కంటిపాపకు ఎదురుగా ఉండాలి. కంటికి, అద్దానికి మధ్య దూరం సాధారణంగా 12 నుంచి 14 మిల్లీమీటర్లు ఉంటుంది. అద్దం శక్తి ఎక్కువైనవారికి చట్రం కొద్దిగా జారినా చూపులో తేడా తెలుస్తుంది. బరువు ముక్కు రెండు వైపులా సమంగా పడాలి. లోతైన గుంటలు, ఎర్రని మచ్చలు పడకూడదు. పిల్లలు అద్దాల పైనుంచి చూస్తుంటే చట్రం జారుతున్నదేమో పరిశీలించండి. అసిటేట్ చట్రాలను ఎండలో నిలిపిన కారులో వదలకండి, వంకర తిరుగుతాయి.

చట్రానికి వెచ్చించే శ్రద్ధలో సగమైనా కంటిపరీక్షకు వెచ్చించండి. నీటికాసులు తొలిదశలో ఏ బాధా కలిగించవు. అద్దాల శక్తి తరచు మారుతుంటే రక్తంలో చక్కెర చూపించుకోవాలి. మధుమేహం ఉన్నవారు ఏటా రెటీనా పరీక్ష చేయించుకోవాలి. పెద్ద వయస్సులో హఠాత్తుగా కళ్ళజోడు లేకుండా చదవగలుగుతున్నామని కొందరు సంతోషిస్తారు. అది శుక్లం ముదురుతున్నదనడానికి సూచన కావచ్చు.

అస్సాములో తేయాకు కోసే 40 ఏళ్ళు దాటిన కూలీలపై జరిపిన ఒక పరిశోధన 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వెలువడింది. అందులో 751 మంది పాల్గొన్నారు. దగ్గరిచూపుకు చౌక కళ్ళజోళ్ళు పొందినవారి దినసరి పని, పొందనివారితో పోల్చితే సుమారు 22 శాతం ఎక్కువగా పెరిగింది. ఫుకుయి రైతులకు కళ్ళజోడు చేయడం కూడు పెట్టింది. ఆ కూలీల పనిసామర్థ్యాన్ని కళ్ళజోడు ధరించడం పెంచింది. మన ఇళ్ళలో సూదిలో దారం ఎక్కించలేని అమ్మమ్మలు, మగ్గం మీద పోగు కనిపించని నేతగాళ్ళు, బియ్యంలో రాయి ఏరలేని వంటవారు ఇంకా ఉన్నారు. కొన్ని వందల రూపాయలతో తీరే లోటును వయస్సు మీద నెట్టి ఊరుకుంటున్నారు.

మీ ఇంట్లో 40 దాటినవారు ఎవరైనా కాగితాన్ని చేతి పొడవునా దూరంగా పట్టుకుని చదువుతున్నారేమో ఈ వారం గమనించండి. వారిని దగ్గరలోని నేత్రవైద్యుల వద్దకు తీసుకువెళ్ళండి. చట్రం ఏ దేశానిదన్నది తరువాత ఆలోచించవచ్చు.