‘వీడియోలతో నెలకు లక్ష’ కోర్సులు: ఫీజు కట్టే ముందు తెలుసుకోవాల్సిన విషయాలు

దిల్‌సుఖ్‌నగర్ అంటేనే కోచింగ్. మెట్రో మెట్లు దిగేసరికి గ్రూప్స్, డీఎస్సీ, ఎస్సై, బ్యాంకు పరీక్షల బోర్డులు కనిపిస్తాయి. అక్కడి నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ వరకు ఎటు చూసినా హాస్టళ్లే. ఫీజు కడితే ఏదో ఒక దారి దొరుకుతుందనే నమ్మకం ఇక్కడ చదివే పిల్లలకే కాదు, పక్కనే మలక్‌పేట, సైదాబాద్, మూసారాంబాగ్‌లలో ఉండే మన కుటుంబాలకూ అలవాటైపోయింది. ఆ నమ్మకం మీదే ఇప్పుడు ఫోన్‌లో మరో రకం కోచింగ్ అమ్ముతున్నారు: యూట్యూబర్ అవ్వండి, ఇన్‌ఫ్లుయెన్సర్ అవ్వండి, ఇంట్లో కూర్చొని లక్షలు సంపాదించండి.

ఇలాంటి కోర్సులన్నీ మోసమేమీ కాదు. ఎడిటింగ్, కెమెరా, లైటింగ్, మాట్లాడే తీరు నేర్పించి, దానికి తగ్గ ఫీజు తీసుకునేవాళ్లు ఉన్నారు. నిజాయితీగల కోర్సు పని నేర్పిస్తానంటుంది. తప్పుదోవ పట్టించే కోర్సు ఆదాయం గ్యారంటీ అంటుంది. ఆ గ్యారంటీ ఇవ్వడం ఏ కోచింగ్ సెంటర్ చేతిలోనూ లేదు.

ఈ మోజు ఎక్కడిది?

2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌ను నిషేధించింది. జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలో మొదలయ్యాయి. అప్పటికే లాక్‌డౌన్‌తో చాలామంది ఇళ్లలో ఉన్నారు. వంటలు, మెహందీ, బట్టల దుకాణం, ఖురాన్ పాఠాలు, ఏదైనా వీడియో చేయొచ్చని అందరికీ అర్థమైంది. కొందరు నిజంగానే సంపాదించారు. వాళ్లను చూసి నేర్చుకోవాలనుకునేవాళ్లు పెరిగారు, వాళ్ల కోసం కోర్సులు పుట్టుకొచ్చాయి.

మెట్లు మెట్లుగా పెరిగే ఫీజు

సాధారణంగా మొదట 99 రూపాయల వెబినార్ అంటారు. రెండు గంటల్లో నేర్పేది తక్కువ, తన కారు, తన ఇల్లు, తన ఆదాయం స్క్రీన్‌షాట్లు చూపించేది ఎక్కువ. చివర్లో అసలు కోర్సు బయటికి వస్తుంది. ‘అసలు ధర 60 వేలు, ఈ రాత్రి 12 లోపు కడితే 30 వేలే, సీట్లు పదే ఉన్నాయి.’ అది కట్టాక, అసలు కిటుకులన్నీ పర్సనల్ మెంటార్‌షిప్‌లోనే చెబుతామంటారు. దానికి మళ్లీ వేరే ఫీజు.

లెక్క వేసి చూడండి. ఉదాహరణకు వెబినార్‌కు 500 మంది వస్తే 49,500 రూపాయలు. వాళ్లలో 20 మంది 30 వేల కోర్సులో చేరితే 6 లక్షలు. ఈ డబ్బు వీడియోల నుంచి రాలేదు, నేర్చుకోవడానికి వచ్చినవాళ్ల జేబుల్లోంచి వచ్చింది. కాబట్టి గురువు చూపించే ఆదాయం వీడియోలదా, కోర్సులు అమ్మినదా అని అడగడం మన హక్కు.

ఇది ఇక్కడ పుట్టిన పద్ధతి కాదు. అమెరికాలో ఎంఓబీఈ అనే సంస్థ 49 డాలర్లకు ‘21 మెట్ల’ ఆన్‌లైన్ సంపాదన విద్య అంటూ చేర్చుకుని, తర్వాత వేల డాలర్ల సభ్యత్వాలు అమ్మింది. జనం 12.5 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయారంటూ అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018 జూన్‌లో కోర్టుకెళ్లింది.

యూట్యూబ్ అసలు రూల్స్

యాడ్స్ ఆదాయం రావాలంటే ఛానెల్‌కు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. దాంతోపాటు గత 12 నెలల్లో 4,000 గంటల వాచ్ టైమ్ గానీ, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ గానీ ఉండాలి. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ 4,000 గంటల్లో కలవదు.

4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. ఒక్కొక్కరు సగటున 3 నిమిషాలు చూస్తారనుకుంటే 80 వేల వ్యూస్ కావాలి. షార్ట్స్ దారిలోనైతే 90 రోజుల పాటు రోజుకు సగటున లక్షా 11 వేల వ్యూస్ రావాలి. కొత్త ఛానెల్‌కు 30 రోజుల్లో మానిటైజేషన్ గ్యారంటీ అనేవాళ్లను ఈ లెక్క చెప్పమని అడగండి.

దరఖాస్తుకు యూట్యూబ్ ఒక్క రూపాయి కూడా తీసుకోదు. పరిశీలనకు సాధారణంగా నెల దాకా పడుతుంది. మామూలు వీడియోల యాడ్స్‌లో క్రియేటర్‌కు 55 శాతం, షార్ట్స్‌లో క్రియేటర్ల వాటాగా లెక్కగట్టిన దాంట్లో 45 శాతం ఇస్తారు. యాడ్‌సెన్స్ ఖాతాలో 100 డాలర్లు చేరాకే డబ్బు బ్యాంకుకు వస్తుంది.

కొందరు సబ్‌స్క్రైబర్లను, వాచ్ టైమ్‌ను కొనిస్తామంటారు. అది యూట్యూబ్ నిబంధనలకు విరుద్ధం, ఛానెలే పోవచ్చు. వేరేవాళ్ల క్లిప్పులు కలిపి, లేదా ఏఐతో ఒకే మూసలో రోజుకు పది వీడియోలు వేయమని నేర్పేవాళ్లు కూడా ఉన్నారు. అలాంటి కంటెంట్‌కు మానిటైజేషన్ ఆపేసే అధికారం యూట్యూబ్‌కు ఉంది. కాపీరైట్ స్ట్రైకులు 90 రోజుల్లో మూడు పడితే ఛానెల్ మూతపడుతుంది.

మన ఇళ్లకు వేసే ఎరలు

‘పరదాలో ఉండే సంపాదించండి, ముఖం చూపించక్కర్లేదు’, ‘పూర్తిగా హలాల్ ఇన్‌కమ్’ అనే మాటలు మన ఆడపిల్లల్ని, ఇంట్లో ఉండే అమ్మీలను దృష్టిలో పెట్టుకున్నవే. ముఖం చూపించకుండా ఛానెల్ నడపడం సాధ్యమే. కానీ హలాల్ అన్న మాట ప్రకటనలో ఉన్నంత మాత్రాన లెక్కలు సరైనవని కాదు. వడ్డీ లేని లాభం పేరుతో పెట్టుబడులు తీసుకున్న హీరా గ్రూప్ కేసు మనకు గుర్తుండాలి. 2018 అక్టోబర్‌లో ఆ సంస్థ అధినేతను హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. డబ్బు పెట్టినవాళ్లలో మన కుటుంబాలు చాలా ఉన్నాయి.

ఇంకొకటి రెఫరల్. ‘ముగ్గురిని చేర్పిస్తే మీ ఫీజు వెనక్కి’ అంటారు. అప్పుడు మన పిల్లే ఖాలా కూతురికి, క్లాస్‌మేట్‌కు కోర్సు అమ్మడం మొదలుపెడుతుంది. డబ్బుతో పాటు బంధుత్వాలూ చెడతాయి. మనుషుల్ని చేర్పించడమే సంపాదనగా నడిచే పిరమిడ్ స్కీములను 2021 నాటి డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు నిషేధించాయి.

మూడోది ‘టాస్కులు’. వీడియోలకు లైక్ కొట్టండి, రేటింగ్ ఇవ్వండి, డబ్బులు తీసుకోండి అంటారు. ఇది కోచింగ్ కాదు, నేరుగా సైబర్ మోసం. 2023 జూలైలో హైదరాబాద్ పోలీసులు 712 కోట్ల రూపాయల ముఠాను బయటపెట్టి 9 మందిని అరెస్టు చేశారు. అందులో టెలిగ్రామ్‌లో రేటింగ్ టాస్కులిచ్చి, మొదట చిన్న లాభం చూపించి, తర్వాత లక్షలు లాగారు.

నాలుగోది ‘ప్రమోషన్లు మేమే ఇప్పిస్తాం’ అనే మాట. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేసినందుకు పలువురు తెలుగు ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద పంజాగుట్ట, మియాపూర్ పోలీస్ స్టేషన్లలో కేసులు నమోదయ్యాయి. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ప్రచారం చేస్తే 2 ఏళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పడవచ్చు. జూదం మనకు ఎలాగూ హరామ్. దాన్ని పక్కన పెట్టినా, కోర్సు ఇప్పించిన మొదటి ప్రమోషనే పిల్లల్ని కేసులో ఇరికించవచ్చు.

ఈఎంఐ పేరుతో అప్పు

డబ్బు లేదంటే ‘నో కాస్ట్ ఈఎంఐ’ పెడతామంటారు. అది ఫీజు వాయిదా కాదు, చాలాసార్లు మీ పేరు మీద ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. కోర్సు మానేసినా అప్పు మిగులుతుంది, కట్టకపోతే సిబిల్ దెబ్బతింటుంది. సంతకానికి ముందు ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ అడిగి తీసుకోండి. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు అందులో ఉంటాయి. వడ్డీ నుంచి దూరంగా ఉండాలనుకునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం డిజిటల్ అప్పుకు కనీసం ఒక్క రోజు కూలింగ్ ఆఫ్ గడువు ఉంటుంది. ఆలోగా అసలు, అప్పటివరకు అయిన ఖర్చు కట్టేసి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు.

చట్టం ఏమంటోంది?

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. 2024 నవంబర్‌లో కోచింగ్ ప్రకటనలపై కేంద్రం ప్రత్యేక మార్గదర్శకాలు తెచ్చింది. డాన్స్, థియేటర్ లాంటి సృజనాత్మక పనులు వాటి పరిధిలోకి రావు కాబట్టి, మాదీ అలాంటిదేనని వీడియో కోర్సువాళ్లు సాకు చెప్పొచ్చు. అయినా తప్పించుకోలేరు. 2022 జూన్ నాటి మార్గదర్శకాలు అన్ని రకాల ప్రకటనలకూ వర్తిస్తాయి. ‘పదే సీట్లు, పది నిమిషాలే’ అనే అబద్ధపు తొందరను 2023 నవంబర్ నాటి డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు నిషేధించాయి.

ఫీజు కట్టే ముందు

- స్క్రీన్‌షాట్‌ను నమ్మొద్దు, దాన్ని మార్చడం నిమిషం పని. యూట్యూబ్ స్టూడియోను లైవ్‌లో తెరిచి చూపించమనండి.
- పాత విద్యార్థుల ఛానెళ్ల పేర్లు అడిగి, మీరే తెరిచి చూడండి. చివరి వీడియో ఎప్పుడు వేశారో గమనించండి.
- జీఎస్టీ నంబరు అడిగి ప్రభుత్వ పోర్టల్‌లో సరిచూడండి. ఎంఎస్‌ఎంఈ ‘ఉద్యమ్’ సర్టిఫికెట్‌ను గుర్తింపు అనుకోవద్దు. అది ఎవరైనా సొంత వివరాలిచ్చి ఉచితంగా తీసుకునే నమోదు.
- సిలబస్, రీఫండ్ షరతులు రాతపూర్వకంగా తీసుకోండి. డబ్బు వ్యక్తి యూపీఐకి కాకుండా సంస్థ ఖాతాకే పంపి, బిల్లు తీసుకోండి.
- ‘ఈ రాత్రే’ అంటే, ‘ఇంట్లో మాట్లాడి రేపు చెప్తాం’ అనండి. మంచి కోర్సు రేపు కూడా ఉంటుంది.

ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే

టాస్కులు, నకిలీ లింకుల్లో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. డబ్బు అవతలి ఖాతాలో ఉండగానే ఆపించే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ. కోర్సు చెప్పినట్టు లేకపోతే ముందు రీఫండ్ కోరుతూ ఈమెయిల్ పంపి, 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేయండి. అక్కడ తేలకపోతే ‘ఈ-జాగృతి’ పోర్టల్ ద్వారా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. కంపెనీ ఏ ఊరిదైనా మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు చెల్లింపులకు కోర్టు ఫీజు లేదు. గడువు 2 సంవత్సరాలు. మోసం జరిగిందనుకుంటే ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు. ప్రకటన, వాట్సాప్ చాట్, వెబినార్ రికార్డింగ్, యూపీఐ రసీదు ఏదీ డిలీట్ చేయొద్దు.

అబ్బాజాన్ తిడతారేమోనన్న భయంతోనే చాలామంది పిల్లలు ఆ మొదటి గంటలు పోగొట్టుకుంటారు. డబ్బు పోయిందని పిల్ల చెప్పినప్పుడు ముందు 1930కి ఫోన్ కలపండి, మందలింపు తర్వాత చూసుకోవచ్చు. వీడియోలు చేయాలన్న ఆశ తప్పు కాదు. ఫోన్‌తో నెల రోజులు ఉచితంగా ప్రయత్నించనివ్వండి. అప్పటికీ నేర్చుకోవాల్సింది ఉందనిపిస్తే, ఏ పని నేర్పిస్తారో చెప్పగలిగే చోటే ఫీజు కట్టండి.