విమోచన అంటే పాపం నుంచా, జమీందారు నుంచా? ఛోటానాగ్‌పూర్ ముండాలు అడిగిన ప్రశ్న



మన గ్రూపులో చర్చి మాట వస్తే చాలు, రెండు పార్టీలుగా విడిపోతాం. చర్చి చదువు చెప్పిందని కొందరం, మన దేవతల్ని దూరం చేసిందని కొందరం. ఇద్దరం కూడా ఒక సంగతి అడగం. మొదట్లో చర్చి గడప తొక్కిన ఆదివాసీలకి అక్కడ వినబడిన మాట ఎలా అర్థమయింది? ఇది బాగా తెలిసేది ఛోటానాగ్‌పూర్‌లో, అంటే ఇప్పటి జార్ఖండ్‌లో. అందుకే ఈసారి అక్కడి కథ రాస్తున్నాం. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

1845 నవంబరులో బెర్లిన్ నుంచి గోస్నర్ అనే పాస్టరు పంపిన నలుగురు జర్మన్ మిషనరీలు రాంచీ చేరారు. వాళ్లు లూథరన్లు. ఐదేళ్ల దాకా ఒక్క ఆదివాసీ కూడా బాప్తిస్మం తీసుకోలేదు. 1850 జూన్ 9న నలుగురు ఉరావ్‌లు తీసుకున్నారు. ఆ తర్వాత ముండాలు కూడా వచ్చారు, ఊళ్లకి ఊళ్లే వచ్చాయి.

ఎందుకు వచ్చారో తెలియాలంటే అప్పటి భూమి సంగతి తెలియాలి. ముండాలు అడవి నరికి ఊరు కట్టుకున్న భూమిని ఖుంట్‌కట్టి అంటారు. అది ఒక మనిషిది కాదు, ఆ ఊరు కట్టిన వంశం మొత్తానిది. ఛోటానాగ్‌పూర్ రాజు బయటి వాళ్లని తెచ్చి ఈ ఊళ్లు వాళ్ల చేతిలో పెట్టాడు. వాళ్లని ముండాలు దికూలు అన్నారు. భూమికి కౌలు, పైగా బేఠ్ బేగారీ. అదే మన పెద్దవాళ్లు చెప్పే వెట్టి.

అలాంటి వాళ్ల దగ్గరకొచ్చి మిషనరీ చెప్పిన మాట: నువ్వు అమ్ముడుపోయి ఉన్నావు, ఒకాయన నీ కోసం వెల కట్టి విడిపించాడు, నమ్మితే చాలు. వెట్టి చేస్తున్నవాడికి ఈ మాట ఎలా వినబడుతుంది? మీరే ఆలోచించండి.

వాళ్లకి తప్పుగా వినబడిందని అనలేం. ఎందుకంటే బైబిల్లోనే ఈ మాటకి భూమి వాసన ఉంది. లేవీయకాండం 25వ అధ్యాయం తీసి చూడండి. ఒకడు పేదరికంలో భూమి అమ్ముకుంటే, దగ్గరి బంధువు వెల కట్టి దాన్ని విడిపించాలి. మనిషే అమ్ముడుపోతే మనిషినీ విడిపించాలి. ఆ బంధువుని హీబ్రూలో గోయేల్ అంటారు. యాభయ్యో ఏడు వస్తే అమ్ముకున్న భూమి మళ్లీ ఆ కుటుంబానికే చేరాలి. ఖుంట్‌కట్టి తెలిసినవాడికి ఇందులో విడమరిచి చెప్పాల్సింది ఏముంది?

తర్వాత పౌలు వచ్చేసరికి అర్థం పెద్దదయింది. రోమా సామ్రాజ్యంలో బానిసలకి వెల కట్టి విడిపించడం అందరికీ తెలిసిన విషయం. పౌలు ఆ మాట తీసుకుని, మనుషులంతా పాపానికి బానిసలు, యేసు మరణమే వాళ్ల వెల అన్నాడు. తెలుగు బైబిల్లో విమోచన క్రయధనము అన్న మాట ఆ బజారు లెక్కనే గుర్తు చేస్తుంది. ఆ విడుదల మన మంచి పనులకి కూలీగా రాదనీ, విశ్వాసం వల్ల ఉచితంగా వస్తుందనీ రోమీయులకు రాసిన పత్రికలో వాదించాడు. 1517లో పాపక్షమాపణ పత్రాలు డబ్బుకి అమ్ముతుంటే లూథర్ ఎదురు తిరిగింది ఇక్కడే. రక్షణ కొనుక్కునేది కాదు, సంపాదించుకునేది కాదు, విశ్వాసం ఒక్కటే మార్గం అన్నాడు.

ఇక్కడ ఎనిమిదేళ్లు ముందుకి జరగాలి, రాంచీలో జరిగిందానికి మూలం అక్కడుంది. 1525లో జర్మనీ రైతులు మెమ్మింగెన్ పట్టణంలో పన్నెండు డిమాండ్లు రాశారు. మూడోది ఏంటంటే, క్రీస్తు తన రక్తంతో అందర్నీ విడిపించాడు కదా, మరి మమ్మల్ని దొరల సొత్తుగా ఎలా ఉంచుతారు? లూథర్ ఒప్పుకోలేదు. క్రైస్తవ స్వేచ్ఛ ఆత్మకి సంబంధించింది, మీరు దాన్ని శరీరానికి దించేస్తున్నారు అన్నాడు. దొరల అన్యాయాన్ని కూడా తిట్టాడు, అది నిజమే. కానీ రైతులు ఆగకపోయేసరికి వాళ్లని అణచమని దొరలకే రాశాడు. వేల మంది రైతులు చచ్చిపోయారు.

మూడున్నర శతాబ్దాల తర్వాత అదే ప్రశ్న ముండాల నోట వచ్చింది. 1858 తర్వాత క్రైస్తవులైన రైతులు చాలా చోట్ల బేగారీ చెయ్యం అన్నారు. మిషనరీలు వాళ్ల తరఫున అర్జీలు రాశారు, అధికారులతో మాట్లాడారు. ఆ మేలు కాదనకూడదు. 1869లో భూముల సర్వే కోసం ఒక చట్టం వచ్చింది గానీ పోయిన భూమిలో చాలా భాగం తిరిగి రాలేదు. అప్పుడు సర్దారులు అనే నాయకులు, ఎక్కువమంది క్రైస్తవులే, జమీందారే వద్దు, శిస్తు నేరుగా సర్కారుకే కడతాం అన్నారు. అక్కడ మిషనరీలు వెనక్కి తగ్గారు. మీరు విశ్వాసం కోసం రాలేదు, భూమి కోసం వచ్చారు అన్నారు. మా ఉద్దేశంలో లూథర్ రైతులకి చెప్పిన జవాబే ఇది, చోటు మారిందంతే.

1885లో లీవెన్స్ అనే కాథలిక్ ఫాదర్ తోర్పా వచ్చాడు. కోర్టు కేసుల్లో ఆదివాసీల పక్కన నిలబడ్డాడు. కొన్నేళ్లలోనే వేలమంది ఆయన వెంట వెళ్లారు. కేసు గెలిపించినందుకు వచ్చింది విశ్వాసమా అని లూథరన్లు ఎగతాళి చేశారు. నమ్మితే చాలు అని చెప్పినవాళ్లే ఆ నమ్మకానికి కారణం అడగడం మాకు వింతగానే ఉంటుంది.

బిర్సా ముండా పుట్టింది ఈ గొడవ మధ్యలోనే. బాప్తిస్మం పేరు దావూద్. చాయ్‌బాసా జర్మన్ మిషన్ బడిలో చదివాడు. సర్దారుల్ని మోసగాళ్లన్నందుకు ఎదురు మాట్లాడి బయటికొచ్చాడని చెప్పుకుంటారు. చర్చి వదిలినా అక్కడ విన్నదంతా వదల్లేదు. ఒకే దేవుడు, రాబోయే విడుదల, తానే ధర్తీ ఆబా. 1899 క్రిస్మస్ ముందు రోజు రాత్రి ఆయన మనుషులు చర్చిల మీద కూడా బాణాలు వేశారు. బిర్సా రాంచీ జైల్లో చనిపోయింది 1900 జూన్ 9న. మొదటి బాప్తిస్మాలకి సరిగ్గా యాభై ఏళ్లు. లేవీయకాండం లెక్కలో భూమి తిరిగి రావాల్సిన ఏడు. ఇది యాదృచ్ఛికమే, కానీ చదివినప్పుడల్లా ఒక్క నిమిషం ఆగిపోతాం.

1908లో ఛోటానాగ్‌పూర్ టెనెన్సీ చట్టం వచ్చింది. ముండారీ ఖుంట్‌కట్టిని గుర్తించింది, బేగారీకి అడ్డుకట్ట వేసింది, ఆదివాసీ భూమి బయటివాళ్ల చేతికి పోకుండా కట్టడి పెట్టింది. మనకి 1/70 ఎలాగో వాళ్లకి ఇది అలాగ. బిర్సా తిరుగుబాటు లేకపోతే సర్కారు కదిలేది కాదు. ఆ చట్టంలో ముండాల పద్ధతులు సరిగ్గా ఎక్కడానికి హాఫ్‌మన్ అనే జెసూట్ ఫాదర్ చేసిన పని కూడా ఉంది.

2016లో జార్ఖండ్ ప్రభుత్వం ఈ చట్టాన్ని సవరించబోతే సర్నా వాళ్లు, చర్చి వాళ్లు ఇద్దరూ వ్యతిరేకించారు. 2017లో అప్పటి గవర్నర్ ద్రౌపది ముర్ము బిల్లుని వెనక్కి పంపేశారు. ఆ ఏడే ప్రభుత్వం దాన్ని విరమించుకుంది.