ఇసుకసంచి దెబ్బ

అమెరికా దేశపు పోకరాటలో, తన వంతు వచ్చినపుడు పందెము కాయక "చెక్" అని యూరకుండి, ప్రత్యర్థి పందెము కాసినంతనే దానిమీద మఱింత పెంచుటకు చెక్‌రెయిజని పేరు. పాతకాలపు ఆటగాండ్రు మాత్రము దానిని "శాండ్‌బ్యాగింగు" అనిరి. పందొమ్మిదవ శతాబ్దమున నచ్చటి దుండగులు ఇసుక నింపిన సంచితో ఏమఱియున్న బాటసారి తలపై మొత్తెడివారు గావున, ఆ పేరునందే నింద యిమిడియున్నది. ఇరుగుపొరుగులు వంటయింటి బల్లచుట్టు చేరి కాలక్షేపమునకై యాడుకొను ఆటలో, మేలైన ముక్కలు చేతనుంచుకొని దీనునివలె నటించి స్నేహితుని వలలో వేయుట మర్యాద కాదని పెక్కిండ్లలో దానిని నిషేధించిరి.

నిషేధము ఇండ్లతో నాగలేదు. లాస్ ఏంజిలిసు చెంతనున్న గార్డీనా పట్టణమున 1936లో మొదలై వర్ధిల్లిన పేకశాలలకు పుట్టినిల్లయిన కాలిఫోర్నియాలో, చిన్న ముక్కలకే గెలుపు దక్కు "లోబాల్" ఆటయందు చెక్‌రెయిజు పనికిరాకుండెను. అంతేకాక, ముక్కలు మార్చుకొనిన పిదప ఏడు పెద్దముక్కగా గల చేయి గాని అంతకంటె మేలైనది గాని కలవాడు పందెము కాయక యూరకున్నచో, ఆపైని చేరిన సొమ్ము వానికి దక్కదను నియమము నుండెను. బలము దాచుటకు జరిమానా! మాయయే ప్రాణమైన యాటలో ఇంతటి సత్యనిష్ఠ నాకు ముచ్చటగొల్పుచున్నది.

బల్లమీద పఱచిన ముక్కలను అందఱును ఉమ్మడిగా వాడుకొను "టెక్సాసు హోల్డెము" అను పోకరాట లాస్‌వేగాసు చేరి, 1970లో బినియన్ హార్స్‌షూ శాలలో ప్రపంచ పోకరు పోటీలు మొదలయి, మఱుసటి యేట బిళ్లలన్నియు నొక్కనికే చేరువఱకు సాగు పద్ధతి యేర్పడగా, బల్లచుట్టు స్నేహితులకు మాఱుగా అపరిచితులు కూర్చుండిరి. మర్యాదకు బదులు గణితము వచ్చెను. 1980ల దశకమున డేవిడ్ స్క్లాన్‌స్కీ తన పోకరు సిద్ధాంత గ్రంథమున, చెక్‌రెయిజు వంచనయే, అయినను వంచన యీ యాటకు దోషము గాదని నిర్మొగమాటముగా వాదించెను.

బలము లేకయే చేయు చెక్‌రెయిజు, అనగా బ్లఫ్, ఈ పాత అపకీర్తినే పెట్టుబడిగా పెట్టుకొన్నది: ఊరకుండి లేచినవాని చేత నిజముగానే మంచి ముక్కలుండునను భయమే దాని బలము. రాశిలో 1,000 బిళ్లలుండగా ప్రత్యర్థి 500 కాసినచో, దానిని 1,500 చేసినవాడు 1,500 గెలుచుటకై 1,500 ఒడ్డుచున్నాడు. సగము పర్యాయములకంటె తక్కువగా అవతలివాడు ముక్కలు పడవేసినచో, ఉత్త చేతులవానికి నష్టమే. నాలుగు ఇస్పేట్లు కుదిరి, ఇంకను రెండు ముక్కలు తెఱవవలసియున్నవానికి ఐదవ ఇస్పేటు పడుటకు నూటికి సుమారు 35 పాళ్లవకాశమున్నది గనుక, ఆ లెక్క కొంత సడలును. కావున, బల్లమీద ఏడు, ఆరు, అయిదు వంటి ముక్కలు పడి, ఆసు రాజులతో ముందుగా పందెము పెంచినవాడు అలవాటుకొద్ది మరల కాసినపుడు, పోటీలో బహుమానము దక్కు గీత చేరువలోనుండి, పోగొట్టుకొనుటకు వానికి తగినన్ని బిళ్లలున్నపుడు, ఈ యెత్తు ఫలించును. మిగిలిన బిళ్లలలో సగమప్పుడే ఒడ్డినవాడు మాత్రము వెనుకకు తిరుగడు. వానిపై నిజమైన ముక్కలతోనే లేవవలెను.

నేటికిని కొన్నిండ్లలో, ముక్కలు పంచకమునుపే, చెక్‌రెయిజు చెల్లునా చెల్లదా యని గృహస్థు నడిగి తెలిసికొనుట వాడుక.